ఇంటి బీడీలకు కనీసకూలి లేదా?

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతముల యిండ్లలో స్త్రీలు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచున్నారు. కూలి వేయింటికింత యని లెక్క. ఇంటిపనికి చట్టమేల యని కొందరు ఠేకేదారులందురు. మేమొప్పుకొనము. 1948 నాటి కనీసవేతనముల చట్టము తన పట్టికలోనే బీడీపనిని చేర్చెను. 1966 నాటి బీడీకార్మికుల చట్టము, ఇండ్లలో చుట్టువారియందు మినహాయించినది ఏ యజమానికిని పనిచేయక కుటుంబముతో స్వంతముగా చుట్టుకొనువారినే. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టమును సమర్థించెను. 2025 నవంబరులో వీని స్థానమున కొత్త కార్మికస్మృతులు వచ్చినవి. ప్రశ్న మాత్రము పాతదే. ఆకు, పొగాకు ఒకరిచ్చి, బీడీలు వారే కొనిపోవునపుడు ఆమె స్వతంత్రురాలెట్లగును? ఇచ్చిన ఆకు చాలక బజారున కొనవలసివచ్చినచో కూలిరేటు కాగితముపైననే నిలుచును. వేయింటిలో పది తగ్గినను కనిపెట్టు ఠేకేదారు, పుస్తకములో ఆమె పేరు వ్రాయుటమాత్రము మరచునట! ఆ పేరు వ్రాయింపుడని మేమడుగుచున్నాము.