జీన్స్ ప్యాంటు నీళ్ల లెక్క

జీన్స్ కాలుష్యం అనగానే అద్దకం మిల్లుల నీలిరంగు నీళ్లే గుర్తొస్తాయి. శుద్ధి చేయకుండా వదిలితే వాటి వల్ల వాగులు పాడవుతాయి, నిజమే. కాని నీటి ఖర్చులో పెద్ద వాటా వేరే చోట ఉంది. లీవైస్ సంస్థ 2015 అధ్యయనం ప్రకారం ఒక ప్యాంటు జీవితకాలానికి సుమారు 3,781 లీటర్లు కావాలి. అందులో 68 శాతం పత్తి సాగుకే, 23 శాతం ఇంట్లో ఉతుకులకే. పాతవి రీసైకిల్ చేస్తే సరిపోదా అంటారు. కొంత మేలే. అయితే గుండీలు, రివెట్లు ఊడదీసి, గుడ్డను యంత్రంలో చీల్చి దూది చేసేసరికి పోగు పొట్టిదైపోతుంది. గట్టి నూలు రావాలంటే సాధారణంగా కొత్త పత్తి కలపాల్సిందే. సాగే జీన్స్‌లో ఉండే ఎలాస్టేన్ అనే పోగు రీసైక్లింగ్‌ను మరీ కష్టం చేస్తుంది. అందుకే రీసైక్లింగ్ కంటే ముందు, మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుకు లోపలినుంచి అతుకు వేయించి మరో రెండేళ్లు తొడగమంటాను. తొడిగిన ప్రతిసారీ కాకుండా మురికి పట్టాకే ఉతకమంటాను.