పసిబిడ్డకు కామెర్లు: ఇంట్లో ఏమి చేయాలి? ఆసుపత్రికి ఎప్పుడు పోవాలి?

(కోయిలకుంట్లలో గర్భిణులు, బాలింతలు, వారి ఇంటివారి ఎదుట చేసిన ప్రసంగం)



కాన్పయిన మూడోనాడు బిడ్డ కండ్లు పచ్చబడతాయి. అవ్వ "పసరు పోయిద్దాం" అంటుంది. పక్కింటామె "ఎండలో పండబెట్టు" అంటుంది. ఇంటాయన శెనగలు అమ్మిన డబ్బు ఎంత మిగిలిందో లెక్క చూసుకుంటాడు. చాలకపోతే వడ్డీకి తెస్తాడు. ఈ గాబరా మన పల్లెల్లో చాలా ఇండ్లకు తెలిసిందే. కావున ఆ ఖర్చు ఎట్లా తగ్గించుకోవాలో ఈనాడు మాట్లాడుకుందాము.

ఒక్క మాట ముందే చెబుతాను. ఖర్చు తగ్గించడమంటే వైద్యం మానడం కాదు. ఇంట్లో చేయవలసినది ఇంట్లో చేయాలి. ఆసుపత్రికి పోవలసి వచ్చినప్పుడు ఒక్క పూట కూడా ఆలస్యం చేయరాదు.

ఎందుకు వస్తాయి?

నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో నూటికి సుమారు 60 మందికి, నెలలు నిండనివారిలో 80 మందికి మొదటి వారంలో కామెర్లు కనబడతాయి. ఇది దిష్టి కాదు, తల్లి తిన్న తిండి దోషమూ కాదు. బిడ్డ ఒంట్లో పాత రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చని పదార్థం పుడుతుంది. కాలేయం దానిని మార్చి దొడ్డి ద్వారా బయటికి పంపాలి. పుట్టిన కొత్తలో కాలేయానికి అంత శక్తి ఉండదు. అందుకే రెండు మూడు రోజులకు పచ్చదనం మొదలై, నాలుగైదు రోజులకు ఎక్కువై, చాలామందికి రెండు వారాల్లో దానంతటదే పోతుంది.

ఇంట్లో చేయవలసినది

దొడ్డి బాగా సాగాలంటే బిడ్డ పాలు బాగా తాగాలి. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించండి. ముర్రుపాలు పిండి పారబోయకండి. నల్లటి మొదటి దొడ్డిని బయటికి తోసేవి అవే. రాత్రింబగళ్లు కలిపి 8 నుండి 12 సార్లు పాలివ్వండి. నిద్రపోతుంటే అరికాలు నిమిరి లేపండి. చక్కెర నీళ్లు, ఆముదం, పసరు ఏవీ వద్దు. వాటితో కడుపు నిండిన బిడ్డ పాలు తాగదు, పచ్చదనం పెరుగుతుంది. కంట్లో, ముక్కులో పసరు పిండడం, వాతలు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చే పనులు. బిడ్డ బట్టల్లో కలరా ఉండలు వేయకండి. కొందరు బిడ్డలకు ఆ వాసనకే రక్తకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి.

ఎండ సంగతి చాలామంది అడుగుతారు. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సమ్మ, ఎండ తగిలిన చోట బిడ్డ చర్మానికి పచ్చదనం తగ్గడం గమనించింది. దానిని బట్టే అక్కడి వైద్యులు దీపపు వైద్యం కనిపెట్టారు. నేడు ఆసుపత్రిలో పెట్టే నీలి వెలుగు దానినుండి వచ్చినదే. అది కావలసినంత వెలుగునే, ఒళ్లు కాలకుండా ఇస్తుంది. మన కోయిలకుంట్ల ఎండ అట్లాంటిది కాదు గదా! లేత చర్మం కాలుతుంది, ఒంట్లో నీరు ఇంకిపోతుంది. ఎండను నమ్ముకుని రోజులు పోగొట్టుకోవద్దు.

దినమూ చూసుకోండి

కాన్పయి ఇంటికి వచ్చినాకనే పచ్చదనం ఎక్కువయ్యేది. కాబట్టి పొద్దున వాకిట్లో నీడపట్టున, మంచి వెలుతురులో బిడ్డ నుదురు, రొమ్ము, కాళ్లు వేలితో నొక్కి వదిలి చూడండి. 3వ నాడు, 7వ నాడు ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకూ చూపండి.

ఈ కింది వాటిలో ఏది కనబడినా ఆ గడియనే బయలుదేరండి:

– పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడడం
– అరచేతులు, అరికాళ్లు పచ్చబడడం
– పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం
– కీచుగా ఏడవడం, ఒళ్లు విల్లులా వంచడం, ఫిట్స్ రావడం
– జ్వరం, లేదా ఒళ్లు చల్లబడడం
– ఒంటికి పోయడం బాగా తగ్గడం

దొడ్డి సున్నంలా తెల్లగా ఉన్నా, రెండు వారాలు దాటినా పచ్చదనం పోకున్నా తప్పక చూపించండి.

బిలిరుబిన్ మెదడుకు ఎక్కితే చెవుడు రావచ్చు, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ తరువాత చేలు అమ్మి లక్షలు పోసినా పోయినది తిరిగి రాదు. అన్నిటికంటే పెద్ద ఖర్చు ఆలస్యమే.

ఖర్చు మాట

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో పసిబిడ్డకు పరీక్షలు, మందులు, నీలి వెలుగు, అవసరమైతే రక్తం, అన్నీ ఉచితం. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది, దానికీ పైసా ఇవ్వనక్కరలేదు. ఇక్కడ కుదరకపోతే నంద్యాలకో, కర్నూలుకో పంపుతారు. కావున అప్పు కోసం తిరుగుతూ పొద్దు పోగొట్టకండి.

కాన్పుకు ముందే భార్యాభర్తలిద్దరూ రక్తం గ్రూపు చూపించుకోండి. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు తల్లికి వేసే ఇంజెక్షను తరువాతి బిడ్డను కాపాడుతుంది. బిడ్డకూ బిడ్డకూ మధ్య మూడేండ్ల ఎడం పాటిస్తే తల్లి ఒంట్లో రక్తం పడుతుంది, నెలలు నిండిన బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుంది. అట్టి బిడ్డకు కామెర్లు ముదిరే భయం తక్కువ.

అనుమానాలుంటే ఇప్పుడే అడగండి, సిగ్గుపడవద్దు. ఇంటికి పోయి ఈ మాటలు అవ్వకు కూడా చెప్పండి.