నష్టం జరిగిన రోజే కబురు చేయండి

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో, చుట్టుపక్కల ఎన్నో దుకాణాల్లోకి నీళ్లు చేరాయి. మన ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద కొట్టు నడిపేవారైనా, ఊళ్లో పిండిగిర్ని ఉన్నవారైనా అలాంటి రోజుకు సిద్ధంగా ఉండాలి.

5 కోట్ల రూపాయల వరకు విలువైన వ్యాపార ఆస్తులకు 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే బీమా పాలసీ ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద నష్టాలు ఇందులోకి వస్తాయి.

నష్టం జరిగితే వెంటనే బీమా కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు రాసుకోండి. తర్వాత రాతపూర్వకంగానూ తెలపండి. మంటలైతే ఫైర్ స్టేషన్‌కు, దొంగతనమైతే పోలీసులకు చెప్పి కాగితం తీసుకోండి. మిగిలిన సరుకును కాపాడండి. కానీ బీమా కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందే పాడైన సరుకును పారేయకండి. ముందుగా ఫొటోలు, వీడియోలు తీయండి. స్టాకు పుస్తకం, కొనుగోలు బిల్లులు, జీఎస్టీ రిటర్నుల నకళ్లు కొట్టులోనే కాక ఇంట్లోనూ ఉంచండి. నష్టాన్ని పెంచి చెప్పకండి. అబద్ధం తేలితే న్యాయంగా రావాల్సిందీ పోతుంది.

కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సొంత వ్యాపారులకు, సూక్ష్మ సంస్థలకు ఈ అవకాశం ఉంది. రుసుము లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సహాయ నంబరు 155255.

ఈ రోజే మీ పాలసీ తీసి, కంపెనీ ఫోన్ నంబరు గల్లాపెట్టె దగ్గర అంటించండి.