ఇంట్లో ఆగిపోయిన పుస్తకం



తిరుపతి అనగానే మనకు కొండా, స్వామివారూ గుర్తొస్తారు. అది చదువుల ఊరు కూడా. తాళపత్రాలను భద్రపరచి, పరిష్కరించి, అచ్చు వేయించే ప్రాచ్య పరిశోధనాలయం 1939లో దేవస్థానం పూనికతో మొదలైంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోనూ, ఆడపిల్లల కోసమే శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లోనూ వెలిశాయి. ఇలాంటి చోట్ల ఏళ్ల తరబడి శ్రమించి రాసే పుస్తకాలు కరోనా కాలంలో ఏమయ్యాయి? వాటితో మన వంటింటికి ఏం సంబంధం? ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

2020 మార్చి 20న కొండమీద దర్శనాలు ఆగాయి. 25 నుంచి దేశమంతా ఇళ్లల్లోనే ఉండిపోయింది. గ్రంథాలయాలు మూతపడ్డాయి. పుస్తకాల అచ్చుపనీ, బైండింగూ ఆగిపోయాయి. పరిశోధన గ్రంథమంటే రాసిన వెంటనే అచ్చయ్యేది కాదు కదా! ఆ విషయం తెలిసిన వారు చదివి తప్పొప్పులు చెప్పాలి. మూలాలతో సరిచూడాలి. ప్రూఫులు దిద్దాలి, చివర పదసూచిక కూర్చాలి. ఒక్కచోట తెగినా గొలుసంతా ఆగినట్టే.

అయితే కొన్ని తలుపులు తెరుచుకున్నాయి కూడా. ప్రాజెక్ట్ మ్యూజ్ అనే చోట విదేశీ విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థలు చాలా తమ పుస్తకాలను కొన్ని నెలలపాటు ఉచితంగా చదువుకోనిచ్చాయి. మన యూజీసీ 2020 ఏప్రిల్‌లో పరిశోధక విద్యార్థులకు ఆరు నెలల గడువు పెంచవచ్చనీ, మౌఖిక పరీక్ష వీడియోలో జరపవచ్చనీ చెప్పింది. బాగానే ఉంది. గడువు పెరిగింది గాని, రోజుకున్న గంటలు పెరిగాయా?

ఒక అధ్యాపకురాలి ఇల్లు ఊహించుకోండి. పుస్తకంలో మూడో అధ్యాయం సగంలో ఉంది. కంప్యూటరు ముందు కూర్చుంటుంది. "అమ్మా, క్లాసు కనిపించడం లేదే!" అని పిల్లవాడు. "కాస్త కషాయం కాచివ్వమ్మా" అని అత్తగారు. పదకొండింటికి భర్తగారి కాఫీ. పనిమనిషి రావడం లేదు కాబట్టి అంట్లూ ఆమెవే. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరికి వారు అడిగింది ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లోనే పొద్దు గూకింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019లో మన ప్రభుత్వం జరిపిన సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. అది కరోనాకు ముందు మాట. తరవాత రెండువేలకు పైగా పరిశోధన పత్రికలను పరిశీలించిన పండితులు, 2020 ఫిబ్రవరి–మే నెలల్లో పత్రికలకు వచ్చిన వ్యాసాలు బాగా పెరిగినా, ఆ పెరుగుదలలో స్త్రీల పాలు పురుషుల కంటే తక్కువని 2021లో తేల్చారు. పెద్ద గ్రంథాలకు తొలిమెట్టు ఇలాంటి వ్యాసాలే.

అందుచేత నాదొక మనవి. మీ ఇంట్లో కోడలో, కూతురో, తోడికోడలో ఇలాంటి పని చేస్తుంటే రోజుకు రెండు గంటలు ఆమెను పిలవకండి. ఆ పని కూడా మీ నెత్తిన వేసుకోకండి, మగవారికీ పిల్లలకూ పంచండి. రాసేది మీరే అయితే, ఆ రెండు గంటలు అడిగి తీసుకోండి. "ఏదో కాలక్షేపానికి" అంటూ మీ పనిని మీరే చిన్న చేసుకోవద్దు.

జాగ్రత్తగా చూసుకుంటే తాళపత్రం వందల ఏళ్లు నిలుస్తుంది. రాయకుండా మిగిలిపోయిన అధ్యాయాన్ని మాత్రం ఏ గ్రంథాలయమూ దాచలేదు. ఈ మాట ఈ రాత్రి భోజనాల దగ్గర మీవాళ్లతో చెప్పి చూడండి.

సెలవు.