రే కిరియామాకు దొరికిన ఇల్లు

యానిమే అంటే చిన్నపిల్లల వ్యవహారమనుకునే పెద్దలకు నేను మొదట చెప్పే పేరు ‘మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్’. చికా ఉమినో గీసి రాసిన బొమ్మల కథే దీనికి ఆధారం. 2016 నుంచి 2018 దాకా 44 భాగాలుగా వచ్చింది.

కథానాయకుడు రే కిరియామాకు పదిహేడేళ్లు. అమ్మానాన్నలూ చెల్లెలూ రోడ్డు ప్రమాదంలో పోయారు. జపాన్ చదరంగమైన షోగి ఆడేవాళ్లింట పెరిగి, స్కూల్లో ఉండగానే వృత్తి ఆటగాడయ్యాడు. గెలిచినకొద్దీ ఆ ఇంటి పిల్లల చోటు తానే లాక్కున్నాననే బాధ. అందుకే టోక్యోలో నది ఒడ్డున ఒంటరిగా ఉంటాడు. అతన్ని చేరదీసేది అకారి, హినాతా, మోమో అనే అక్కచెల్లెళ్లు. వాళ్లకూ తల్లి లేదు. తాత మిఠాయి కొట్టు నడుపుతాడు. వాళ్లు జాలి మాటలు చెప్పరు, పిలిచి అన్నం పెడతారు.

రెండో సీజన్ మాత్రం వదలకండి. స్నేహితురాలి పక్షాన నిలిచి తోటివాళ్ల వేధింపులకు గురైన హినాతా, తాను చేసింది తప్పు కాదని ఏడుస్తూనే అంటుంది. ఆ మాట వింటూ రే, ఒకప్పటి ఒంటరి పసివాడైన తననే ఆ పిల్ల కాపాడిందని గ్రహిస్తాడు. దుఃఖం మీద ఇంత నిజాయితీగల దృశ్యం నేను అరుదుగా చూశాను.

అంత తీరిక లేకపోతే 2011 నాటి ‘అనోహానా’ 11 భాగాలే. చనిపోయిన చిన్ననాటి నేస్తం తిరిగొచ్చి, చెదిరిన మిత్రులను కలుపుతుంది. సినిమాయే కావాలంటే సతోషి కోన్ తీసిన ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ చూడండి: క్రిస్మస్ రాత్రి చెత్తలో దొరికిన పసికందు తల్లిదండ్రుల కోసం ఇల్లులేని ముగ్గురు ఊరంతా వెతుకుతారు.