ఒక యూరియా బస్తా వెనక ఎన్ని గ్యాస్ బండలు?

ఈ రోజు నేరుగా లెక్కతోనే మొదలుపెడదాం.

45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది. అసలు ఖర్చు దానికంటే చాలా ఎక్కువ, మిగతాది సబ్సిడీ, అంటే మనం కట్టే పన్నులే. ఆ ఖర్చులో పెద్ద వాటా గ్యాస్‌ది. ఎందుకో చూద్దాం.

ఒక బస్తా యూరియాకి దాదాపు 26 కిలోల అమోనియా కావాలి. గ్యాస్‌తో నడిచే మంచి ఆధునిక ఫ్యాక్టరీలో టన్ను అమోనియాకి సుమారు 28 గిగాజౌల్స్ శక్తి పడుతుంది. గిగాజౌల్ అనగానే కంగారుపడకండి, వంటింటి లెక్కలోకి మార్చేద్దాం. మన ఇంట్లో 14.2 కిలోల గ్యాస్ బండలో ఉండే శక్తి సుమారు 0.65 గిగాజౌల్స్. అంటే ఒక్క బస్తా వెనక ఒక గ్యాస్ బండ కంటే కాస్త ఎక్కువే ఉంది. 1913లో జర్మనీలోని ఓప్పావ్‌లో ప్రపంచంలోనే మొదటి ఫ్యాక్టరీ మొదలైనప్పుడు టన్నుకి 100 గిగాజౌల్స్ దాటేది. ఇదే లెక్కన బస్తాకి నాలుగు బండలు!

నాలుగు నుంచి ఒకటికి ఎలా వచ్చాం? ఇంకా తగ్గించగలమా?

గాల్లో 78 శాతం నైట్రోజనే. కానీ దాని రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పట్టుకుని ఉంటాయి, హైడ్రోజన్‌తో కలవమంటే కలవవు. వేడి పెంచితే కదులుతాయి. కానీ వేడి మరీ పెరిగితే తయారైన అమోనియా మళ్లీ విడిపోతుంది. వేడి తగ్గిస్తే అమోనియా నిలుస్తుంది గానీ చర్య నత్తనడక నడుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నమాట.

1909లో ఫ్రిట్జ్ హేబర్ ఆస్మియం అనే అరుదైన లోహాన్ని ఉత్ప్రేరకంగా వాడి ఇది సాధ్యమే అని చూపించాడు. అంత అరుదైన లోహంతో ఫ్యాక్టరీ నడవదు కదా. బీఏఎస్ఎఫ్ కంపెనీలో ఆల్విన్ మిటాష్ వేల ప్రయోగాలు చేసి, చివరికి ఇనుములో కొంచెం అల్యూమినా, కొంచెం పొటాషియం కలిపిన మిశ్రమం దగ్గర ఆగాడు. వందేళ్లు దాటినా ఇప్పటికీ చాలా ఫ్యాక్టరీల్లో ఆ కుటుంబానికి చెందిన ఉత్ప్రేరకమే ఉంది. నాకైతే ఇది రాకెట్ల కంటే గొప్ప విషయం.

అంత చేసినా, 400 డిగ్రీలకు పైన వేడి, వాతావరణానికి వంద రెట్లు మించిన ఒత్తిడి పెట్టినా, ఒక్కసారి పంపితే గ్యాస్‌లో 15 శాతం, కాస్త అటూ ఇటూగా, అమోనియా అవుతుంది. మరి మిగతాది? చెరకు రసం బండి గుర్తు తెచ్చుకోండి. గడని ఒకసారి తిప్పితే రసం అంతా రాదు, మడిచి మళ్లీ పెడతాడు, మళ్లీ పెడతాడు. ఇక్కడా అంతే. చల్లబరిస్తే అమోనియా ద్రవంగా మారి పక్కకొస్తుంది. మిగిలిన గ్యాస్ మళ్లీ రియాక్టర్లోకే వెళ్తుంది. బయటికొచ్చే వేడి గ్యాస్‌తోనే లోపలికెళ్లే చల్లటి గ్యాస్‌ని వేడి చేస్తారు. ఈ రెండు ఉపాయాలూ హేబర్ బల్ల మీది యంత్రంలోనే ఉన్నాయి.

ఇక్కడో ట్విస్ట్ ఉంది. శక్తిలో ఎక్కువ భాగం ఈ రియాక్టర్లో ఖర్చవదు. హైడ్రోజన్ తయారీలో పోతుంది! సహజ వాయువుని, ఆవిరిని 800 డిగ్రీల దగ్గర కలిపి హైడ్రోజన్ తీస్తారు. 28 గిగాజౌల్స్‌లో 21 దాకా ముడిసరుకుగానే పోతుంది. ఎంత తెలివైన ఇంజనీరైనా ఆ 21 కిందకి దిగలేడు. ఇక పొదుపు చేయగలిగింది పైన ఉన్న ఏడులోనే.

పెద్ద పొదుపులన్నీ అక్కడక్కడే జరిగాయి. బొగ్గు కోక్ బదులు సహజ వాయువు వచ్చింది. 1960లలో కెల్లాగ్ అనే అమెరికా ఇంజనీరింగ్ కంపెనీ (కార్న్‌ఫ్లేక్స్ వాళ్లు కాదండోయ్) ఒకే పెద్ద లైన్‌గా ప్లాంట్లు కట్టింది. వృథాగా పోయే వేడితో ఆవిరి చేసి, ఆ ఆవిరితోనే కంప్రెసర్లు తిప్పారు. అందుకే "కొత్త ఉత్ప్రేరకం దొరికింది, ఇక అమోనియా విప్లవమే" అని హెడ్‌లైన్ కనిపిస్తే నేను అంతగా ఎగిరి గంతేయను. రుథేనియం ఉత్ప్రేరకంతో 1992లోనే కెనడాలోని కిటిమాట్‌లో ప్లాంట్ నడిపారు. తక్కువ ఒత్తిడి సరిపోయింది, నిజమే. కానీ ఆ లోహం ఖరీదు, మిగిలేది కొంచెం.

కొంచెం అంటే తీసిపారేయకండి. మన రామగుండం చూడండి. పాత బొగ్గు ఆధారిత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. అదే చోట 2021 నుంచి గ్యాస్‌తో నడిచే కొత్త ప్లాంట్ ఉంది, అమోనియా సామర్థ్యం రోజుకి 2,200 టన్నులు. అక్కడ టన్నుకి ఒక్క గిగాజౌల్ మిగిలినా రోజుకి మూడు వేలకు పైగా గ్యాస్ బండలంత శక్తి మిగులుతుంది. 2015 యూరియా విధానంలో కేంద్రం ఫ్యాక్టరీలకి టన్నుకి ఇంత శక్తే వాడాలని హద్దు పెట్టింది ఇందుకే.

మరి గ్యాసే వద్దనుకుంటే? నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీయొచ్చు, అదే గ్రీన్ అమోనియా. టన్నుకి సుమారు 10 వేల యూనిట్లు కావాలి, అంటే 36 గిగాజౌల్స్. గమనించారా, శక్తి తగ్గలేదు, పెరిగింది! మన బస్తా లెక్కలో దాదాపు 260 యూనిట్లు, చాలా ఇళ్లలో నెల రోజుల కరెంటు. లాభమల్లా, ఆ కరెంటు సూర్యుడి నుంచో గాలి నుంచో వస్తే కార్బన్ డయాక్సైడ్ రాదు. కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమోనియా ప్రాజెక్టు వస్తోంది.

కానీ యూరియా చేయాలంటే అమోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడది సహజ వాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు అక్కడే ఉచితంగా దొరుకుతోంది. గ్రీన్ ప్లాంట్లో అది ఉండదు. మరి ఎక్కడి నుంచి తేవాలి? దాని మీద వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.