చీనీ రికాబీ అడుగున పేరు

 

ఏటా ఈ సభలో మేము లెక్కలు చెప్పి కూర్చుంటాం. ఈసారి పాత చీనా పింగాణీ గురించి మాట్లాడతామంటే కమిటీలోనే కొందరు నవ్వారు. దీనికి కారణం ఒక ట్రంకు పెట్టె. అందులో మా తప్పు కూడా ఉంది కాబట్టి, మీ ముందు చెప్పుకోవడమే న్యాయం.

రెండేళ్ళ క్రితం ఒక దాత కుటుంబం తమ తాతగారి ట్రంకు పెట్టెను మా ఆఫీసుకు పంపింది. నీలం పూల రికాబీలు, ఒక మూత జాడీ, లేత ఆకుపచ్చ పళ్ళెం ఒకటి ఉన్నాయి. అమ్మి పిల్లల ఫీజులు కట్టమన్నారు. మేము ఫోటో తీయలేదు, ఎన్నో లెక్కపెట్టలేదు. పాత సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చి అన్నిటికీ కలిపి ఒక ధర చెప్పాడు. సరేనన్నాం. రసీదులో 'పాత గిన్నెలు' అని రాసుకున్నాం. నెల తర్వాత ఆ ఇంటి కోడలు వచ్చి, "ఒక రికాబీ అడుగున మా మామగారి తాత పేరు చెక్కి ఉంటుంది, చూశారా భాయ్?" అని అడిగింది. మేము ఒక్కదాన్నీ తిరగేసి చూడలేదు.

ఆ సిగ్గుతోనే ఈ సంగతులు చదవడం మొదలుపెట్టాం. చదువుతూ పోతే ఇరాన్‌లోని అర్దబీల్ దగ్గర ఆగాం.

అర్దబీల్‌లో సూఫీ గురువు షేక్ సఫీయుద్దీన్ దర్గా ఉంది. ఇరాన్‌ను ఏలిన సఫవీ వంశానికి ఆయనే మూలపురుషుడు. ఆ వంశపు షా అబ్బాస్ 1611లో తన ఖజానాలోని చీనా పింగాణీని ఆ దర్గాకు వక్ఫ్ చేశాడు. మొత్తం 1,162 పాత్రలని అప్పటి చరిత్రకారుడు రాసి పెట్టాడు. వాటి కోసం 'చీనీఖానా' అని ఒక మందిరమే సిద్ధం చేశారు. దాని గోడల నిండా జాడీల, కూజాల ఆకారంలో గూళ్ళు కోశారు.

మాకు నచ్చిన విషయం వేరే ఉంది. ప్రతి పాత్ర మీదా చిన్న నలుచదరపు ముద్ర చెక్కించారు. హజ్రత్ అలీకి దాసుడైన అబ్బాస్ దీన్ని షా సఫీ దర్గాకు వక్ఫ్ చేశాడని దాని భావం. మన ఇళ్ళలో పెళ్ళి సామాను స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తాం కదా, అలాంటిదే. కొన్నిటి మీద ఇంకో పేరు కూడా ఉంది, ఖరచఖాయ్ ఖాన్ అని. షా దగ్గర సేనాధిపతిగా ఎదిగిన గులాం ఆయన. పింగాణీని ఇష్టంగా పోగుచేసి షాకు సమర్పించాడు. రాజు తన ముద్ర వేయించాడు గానీ, సేకరించిన మనిషి పేరు చెరిపించలేదు.

ఆ ముద్ర నాలుగు వందల ఏళ్ళుగా పని చేస్తూనే ఉంది. 1828లో రష్యా సైన్యం అర్దబీల్‌ను పట్టుకుని దర్గా గ్రంథాలయాన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తరలించింది. పింగాణీ చాలావరకు అక్కడే మిగిలింది. తర్వాత ఎక్కువ భాగం టెహ్రాన్ మ్యూజియంకు చేరింది. జాన్ అలెగ్జాండర్ పోప్ అనే అమెరికా పండితుడు 1956లో వాటి మీద పుస్తకం వేసేనాటికి 805 ఉన్నాయి. ముద్ర ఉందంటే ఆ పాత్ర 1611కి ముందుదేనని అర్థం. పాత చీనా పింగాణీ వయసు తేల్చుకునే సేకర్తలు ఇప్పటికీ ఆ వస్తువులతోనే పోల్చి చూసుకుంటారు. దానం చేసినాయన పండితుల కోసం ఆ ముద్ర వేయించలేదు. అయినా అది వాళ్ళకూ పనికొచ్చింది.

చీనా వాళ్ళ ముద్రల సంగతి మాత్రం జాగ్రత్త. అడుగున పాత చక్రవర్తి పేరు ఉన్నంత మాత్రాన ఆ పాత్ర ఆయన కాలానిదని నమ్మకూడదు. కాంగ్‌షీ కాలపు కుమ్మరులు రెండు వందల ఏళ్ళ ముందటి చెంగ్‌హ్వా పేరు రాసేవారు. అందులో మోసం కన్నా పాతవాళ్ళ మీద గౌరవమే ఎక్కువ. మోసగాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళూ అదే పని చేస్తారు. అందుకే తెలిసినవాళ్ళు ముందు పువ్వు చూడరు, పాత్రను బోర్లించి అడుగు గట్టు చూస్తారు. మెరుగు పూయని ఆ చోట మట్టి రంగు, గరుకు, అరుగుదల తెలుస్తాయి.

ఆకుపచ్చ పళ్ళెంలో విషం కలిసిన అన్నం పెడితే పగిలిపోతుందని నవాబుల ఇళ్ళలో నమ్మేవారు. ఏ పింగాణీ ఆ పని చేయదు. కానీ ఆ నమ్మకం వల్లే కొన్ని పళ్ళేలు భద్రంగా మిగిలాయేమో!

ఆ నీలం పూలలో మనవైపు వాటా కూడా ఉంది. జింగ్‌దెజెన్ బట్టీలలో వాడిన కోబాల్టు రంగు మొదట్లో ఇరాన్ వైపు నుంచి వెళ్ళింది. జంగ్‌ద చక్రవర్తి కాలంలో, అంటే 1506 నుంచి 1521 వరకు, అరబీ, ఫార్సీ అక్షరాలు రాసిన కలం స్టాండ్లు కూడా అక్కడ తయారయ్యాయి.

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం మీరంతా చూసే ఉంటారు. మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సాహెబ్ 1949లో పెళ్ళి, పిల్లలు లేకుండానే పోయారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడిలో ఆయన సేకరణ మ్యూజియంగా తెరుచుకుంది. ఒక మనిషి ఇష్టం ఊరందరిదీ అయింది. అందరి ట్రంకు పెట్టెలకూ అంత అదృష్టం ఉండదు.

ఇక మేము మార్చుకున్న పద్ధతి చెబుతాం. వస్తువు రూపంలో దానం వస్తే, దాత ఎదుటే ప్రతి ముక్కనూ పైనుంచి, అడుగునుంచి ఫోటో తీస్తాం. ఎవరిది, ఎలా వచ్చింది అని ఇంటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు రిజిస్టర్‌లో రాస్తాం. తోమించం, పగిలినదాన్ని జిగురుతో అంటించం. ఇద్దరు తెలిసినవాళ్ళకు చూపించనిదే అమ్మం. నూరేళ్ళు దాటిన వస్తువులకు 1972 చట్టం ఉంది. వ్యాపారికి లైసెన్సు ఉండాలి, సొంతంగా విదేశాలకు పంపకూడదు. దుబాయ్‌లో ఉన్న మన పిల్లలు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. అమ్మాలా, ఉంచాలా అన్నది దాత రాతలో చెప్పాలి. ఫీజులకే వాడమంటే ఫీజులకే వాడతాం, అందులో మాకు మొహమాటం లేదు. ఆకలి ముందు పింగాణీ పెద్దది కాదు.

ఆ వ్యాపారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాం. సరుకు చేతులు మారిందన్నాడు. ట్రంకు పెట్టె మాత్రం ఆఫీసులోనే ఉండిపోయింది. మొన్న రంజాన్ ముందు శుభ్రం చేస్తుంటే అడుగున గడ్డిలో ఒక చిన్న రికాబీ దొరికింది. అంచు కొంచెం చిట్లింది. ఈసారి తిరగేసి చూశాం. పేరేమీ లేదు. ఆ కోడలిని పిలిపించి చేతికిస్తే, కాసేపు చూసి, "మీ దగ్గరే ఉంచండి, రాసుకోండి" అంది. కొత్త రిజిస్టర్‌లో ఒకటో నంబరు అదే.